హక్కా? రక్షణా? – సైకిల్ సంఘాల బృందయాత్రలు, ప్రత్యేక దారుల చరిత్ర

వ్యాససంగ్రహం

పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో ఇంగ్లండు, అమెరికా, నెదర్లాండ్స్ దేశాల్లో ఏర్పడిన సైకిల్ సంఘాలు రెండు సంప్రదాయాలను మిగిల్చాయి. మొదటిది పదిమందీ కలిసి నిర్ణీత దినాన, నిర్ణీత క్రమంలో సాగే బృందయాత్ర. రెండోది సైకిలుకు రోడ్డులో ఉన్న వాటా గురించిన వాదం. ప్రత్యేక సైకిల్ దారిని కొన్ని సంఘాలు కోరి సాధించుకోగా, మరికొన్ని దాన్ని బహిష్కరణగా భావించి ఎదిరించాయి. ఈ భేదానికి కారణాలేమిటో, వాటి వెలుగులో నేటి హైదరాబాదు సైకిల్ దారిని ఎలా అర్థం చేసుకోవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైకిల్ సంఘాలు, బృందయాత్ర, సైకిల్ దారి, రహదారి హక్కు, రవాణా చరిత్ర, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం

1934 డిసెంబరు 14న లండన్ పశ్చిమ శివారులోని వెస్టర్న్ అవెన్యూ అనే ప్రధాన రహదారి పక్కన ఒక కొత్త దారిని ఆనాటి రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా ప్రారంభించారు. రోడ్డుకు ఇరువైపులా ఎనిమిదిన్నర అడుగుల వెడల్పున, రెండున్నర మైళ్ల పొడవున కాంక్రీటుతో వేసిన ఆ దారి సైకిళ్లకు మాత్రమే ఉద్దేశించినది. ఆ ఏడాది బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది మరణించారు. మృతుల్లో సైకిలిస్టుల సంఖ్య తక్కువేమీ కాదు. అటువంటి కాలంలో తమ ప్రాణరక్షణ కోసమని ప్రభుత్వం దారి వేస్తే సైకిల్ సంఘాలు హర్షించి ఉంటాయని అనుకోవడం సహజం. జరిగింది వేరు. దేశంలోని ప్రధాన సైకిల్ సంఘాలు ఆ దారిని ఆహ్వానించలేదు సరికదా, అటువంటి దారులు ఇంకెక్కడా రాకూడదని పోరాడాయి.

ఈ వైఖరి పైకి వింతగా కనిపిస్తుంది. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేసినవారూ ఉన్నారు, దూరదృష్టి అని కొనియాడినవారూ ఉన్నారు. ఆ సంఘాలు అంతకుముందు అరవై ఏళ్లలో రోడ్డు మీద ఏ విధంగా నిలదొక్కుకున్నాయో చూస్తే తప్ప ఈ రెండు తీర్పుల్లో ఏది ఎంతవరకు నిజమో తేలదు. అందువల్ల వెస్టర్న్ అవెన్యూ దారిని కేంద్రంగా పెట్టుకుని, ముందు దానికి దారితీసిన చరిత్రను, తరువాత దాని పర్యవసానాలను పరిశీలించడం ఈ వ్యాసం అనుసరించే పద్ధతి.

2. యంత్రం నుంచి సంఘానికి

1817లో జర్మనీలోని మన్‌హైమ్ నగరంలో కార్ల్ డ్రైస్ నడిపి చూపిన రెండు చక్రాల బండికి పెడళ్లు లేవు. నేలను కాళ్లతో తన్నుకుంటూ ముందుకు సాగవలసిందే. 1860లలో పారిస్ తయారీదారులు ముందు చక్రానికి పెడళ్లు అమర్చారు. 1870లలో వేగం కోసం ముందు చక్రాన్ని మనిషి ఛాతీ ఎత్తుకు పెంచిన బండ్లు వచ్చాయి. వాటిని ఎక్కడమే ఒక సాహసం, పడితే తల పగిలేది. 1885లో కావెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సేఫ్టీ సైకిలుతో రెండు చక్రాలూ దాదాపు సమానమై, గొలుసు వెనుక చక్రాన్ని తిప్పడం మొదలైంది. 1888లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ గాలి టైరు తోడైంది. నేటి సైకిలు రూపం స్థూలంగా అప్పటికే స్థిరపడింది.

సంఘాలు మాత్రం ఈ సురక్షిత రూపం కంటే ముందే పుట్టాయి. లండన్‌లోని హాక్నీ ప్రాంతంలో 1870 జూన్‌లో, చార్లెస్ డికెన్స్ మరణించిన కొద్ది రోజులకే, పిక్విక్ బైసికిల్ క్లబ్ ఏర్పడింది. దాని సభ్యులు డికెన్స్ నవలలోని పాత్రల పేర్లతో ఒకరినొకరు పిలుచుకునేవారు. 1878 ఆగస్టు 5న హారోగేట్ పట్టణంలో స్టాన్లీ కాటెరెల్ చొరవతో బైసికిల్ టూరింగ్ క్లబ్ ఆవిర్భవించింది. 1883లో దాని పేరు సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌గా మారింది. 1899 నాటికి సభ్యుల సంఖ్య అరవై వేలు దాటింది. స్థానిక క్లబ్బులు ఊరి పరిధిలో సవారీలు నడుపుతుండగా, ఈ సంఘం దేశవ్యాప్త అవసరాలు చూసేది. ఊరూరా ప్రతినిధులను నియమించడం, సభ్యులకు తక్కువ ధరకు బస ఇచ్చే సత్రాలను గుర్తించి వాటి గోడల మీద రెక్కల చక్రం గుర్తు పెట్టించడం, ప్రమాదకరమైన పల్లాల వద్ద హెచ్చరిక బోర్డులు పాతించడం దాని పనులు. ప్రభుత్వం రోడ్డు గుర్తుల బాధ్యత తీసుకోకముందే ఆ పనిలో కొంత సైకిలిస్టులు తమ చందాలతో చేశారన్నది గమనించదగిన విషయం.

3. బృందయాత్ర స్వరూపం

తొలినాటి బృందయాత్ర సైనిక కవాతును పోలి ఉండేది. ప్రతి క్లబ్బుకూ ఒక కెప్టెన్, ఉపకెప్టెన్, చాలాచోట్ల ఒక బూరగాడు కూడా ఉండేవారు. బయలుదేరడానికి, ఆగడానికి, ఒకే వరుసలోకి రావడానికి బూర ఊది సంకేతం ఇచ్చేవారు. సభ్యులకు ఏకరూప దుస్తులు ఉండేవి. ముందు కెప్టెన్, వెనుక ఉపకెప్టెన్, నడుమ మిగిలినవారు ఇద్దరిద్దరుగా సాగేవారు. వెనుకబడినవారిని వదిలి వెళ్లకూడదన్నది సాధారణ మర్యాద.

ఈ క్రమశిక్షణ వేడుక కోసం మాత్రమే ఏర్పడలేదు. ఒంటరిగా వచ్చే సైకిలిస్టును గుర్రపుబండ్ల వాళ్లు కొరడాతో కొట్టిన సందర్భాలు, పిల్లలు చక్రాల్లోకి కర్రలు విసిరిన సందర్భాలు ఆనాడు విరివిగా ఉండేవి. పదిహేనుమంది వరుస కట్టి వచ్చినప్పుడు ఆ ధైర్యం ఎదుటివారికి ఉండదు. బృందంగా సాగడం అంటే రోడ్డు మీద తమ ఉనికిని కళ్లకు కట్టేలా ప్రకటించుకోవడం. నేటికీ నగరాల్లో తెల్లవారుజామున గుంపుగా బయలుదేరే సైకిలిస్టులు చెప్పే మొదటి కారణం ఇదే.

శతాబ్దాంతానికి సేఫ్టీ సైకిలు ధర తగ్గుతూ రాగా బృందయాత్రలో చేరేవారి సామాజిక నేపథ్యం మారింది. 1894లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన క్లారియన్ సైక్లింగ్ క్లబ్ ఇందుకు మంచి ఉదాహరణ. రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ నడిపిన సోషలిస్టు పత్రిక పేరే ఆ క్లబ్బు పెట్టుకుంది. వారమంతా ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసేవారు ఆదివారం సైకిళ్లెక్కి పల్లెలకు వెళ్లి, పత్రికలూ కరపత్రాలూ పంచి, సభలు పెట్టి తిరిగి వచ్చేవారు. దారిలో ఎదురైన సభ్యులు ఒకరు ‘బూట్స్’ అంటే మరొకరు ‘స్పర్స్’ అని పలకరించుకునేవారు. రైలు టిక్కెట్టు కొనలేని కార్మికునికి ఊరి పొలిమేర దాటే స్వేచ్ఛ ఈ యాత్ర ఇచ్చింది. విహారమూ రాజకీయమూ ఒకే చక్రం మీద సాగాయి.

స్త్రీల విషయంలో ఈ స్వేచ్ఛ మరింత ఘర్షణతో వచ్చింది. సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ 1880 నుంచే స్త్రీలను సభ్యులుగా చేర్చుకుంది. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ అనే సభ్యురాలు స్కర్టుకు బదులు సైకిలు తొక్కడానికి అనువైన వదులు పంట్లాము ధరించి సర్రే జిల్లాలోని ఓకమ్ గ్రామంలో ఒక సత్రానికి వెళ్లగా, యజమానురాలు ఆమెను భోజనశాలలోకి రానివ్వక, మద్యం తాగేవారి గదిలో కూర్చోమంది. సంఘం ఈ విషయాన్ని కోర్టుకు తీసుకువెళ్లింది. 1899 ఏప్రిల్‌లో జ్యూరీ సత్రం యజమానురాలు నిర్దోషి అని తేల్చింది. కేసు ఓడిపోయినా, సభ్యురాలి దుస్తుల హక్కు కోసం ఒక విహారసంఘం తన నిధులు ఖర్చుపెట్టి న్యాయపోరాటం చేయడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

అన్ని దేశాల సంఘాలూ ఇంత ఉదారంగా లేవు. 1880లో న్యూపోర్ట్ పట్టణంలో ఏర్పడిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ 1894లో సభ్యత్వాన్ని శ్వేతజాతీయులకే పరిమితం చేసింది. అంతకుముందే సభ్యురాలైన బోస్టన్ యువతి కిట్టీ నాక్స్ 1895లో ఆస్బరీ పార్క్ సమావేశానికి హాజరై ఆ నియమాన్ని బహిరంగంగా ప్రశ్నార్థకం చేసింది. లీగ్ ఆ నిషేధాన్ని లాంఛనంగా ఉపసంహరించుకున్నది 1999లో. కలిసి సాగడం అనే భావనలో ఎవరితో కలిసి అన్న ప్రశ్న మొదటినుంచీ దాగి ఉంది.

4. రోడ్డు మీద హక్కు – న్యాయస్థానాలు, చట్టాలు

సైకిలు వచ్చిన కొత్తలో అది చట్టం దృష్టిలో ఏమిటన్నది ఎవరికీ తెలియదు. బండి కాదు, గుర్రం కాదు, పాదచారి కాదు. 1879లో టేలర్ వర్సెస్ గుడ్విన్ కేసులో ఇంగ్లండు న్యాయస్థానం, ప్రమాదకరమైన వేగంతో నడపడాన్ని శిక్షించే సందర్భంలో సైకిలును బండిగానే పరిగణించాలని చెప్పింది. తీర్పు సైకిలిస్టుకు వ్యతిరేకంగా వచ్చినా, దాని తర్కం సైకిలిస్టులకు మేలే చేసింది. బండికి ఉన్న బాధ్యత సైకిలుకూ ఉంటే, బండికి ఉన్న హక్కు కూడా దానికి ఉండాలి. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం 85వ సెక్షన్ ఈ తర్కాన్ని శాసనంగా మార్చింది. సైకిళ్లను బండ్లుగా ప్రకటించి, ఊరికొక తీరుగా ఉన్న స్థానిక ఆంక్షలను రద్దు చేసి, రాత్రి దీపం ఉండాలనీ, ఇతరులను దాటేటప్పుడు గంట మోగించాలనీ నియమించింది.

రెండేళ్ల ముందు, 1886లో, సైకిల్ సంఘాలు రోడ్ల మెరుగుదల సంఘాన్ని స్థాపించాయి. రైళ్లు వచ్చాక పట్టించుకునేవారు లేక గతుకులమయమైన రోడ్లను బాగుచేయాలని అవి స్థానిక సంస్థలను ఒత్తిడి చేశాయి. అమెరికాలోనూ ఇదే జరిగింది. లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ 1892 నుంచి మంచి రోడ్ల కోసం ప్రత్యేకంగా ఒక మాసపత్రికే నడిపింది. మోటారు కారు రాకముందే దానికి కావలసిన రోడ్డు గురించి అడిగినవారు సైకిలిస్టులు. ఆ రోడ్డు మీదికి కారు వచ్చాక పక్కకు నెట్టబడినవారూ వారే కావడం ఈ చరిత్రలోని విషాదం.

ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో బ్రిటిష్ సైకిలిస్టుల్లో సంపన్నులు కార్లకు మారారు. సంఘం సభ్యత్వం పడిపోసాగింది. 1906 ప్రాంతంలో మోటారు వాహనదారులను కూడా చేర్చుకునేలా తన నియమావళిని మార్చుకోవాలని సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ తలపెట్టింది. 1907లో న్యాయస్థానం అందుకు అనుమతి నిరాకరించింది. సైకిలిస్టుల ప్రయోజనాల కోసం ఏర్పడ్డ సంఘంలో, ఎవరినుంచి వారికి రక్షణ కావాలో వారినే సభ్యులుగా చేర్చడం పొసగదన్నది ఆ నిర్ణయం సారాంశం. సంఘం తనంత తాను చేసుకోలేని ఎంపికను న్యాయస్థానం చేసింది. దానివల్ల సంఘం చిన్నదైంది, కానీ సైకిలిస్టుల సంఘంగానే మిగిలింది. 1934 నాటి ప్రతిఘటనకు మూలం ఇక్కడ ఉంది.

5. కోరుకున్న దారులు – అమెరికా, నెదర్లాండ్స్ అనుభవం

ప్రత్యేక దారి అనగానే సైకిలిస్టులంతా వ్యతిరేకించారనుకోవడం పొరపాటు. 1890ల మధ్యలో బ్రూక్లిన్‌లో ఓషన్ పార్క్‌వే వెంట కోనీ ఐలాండ్ సముద్రతీరానికి వెళ్లే సైకిల్ దారి తెరుచుకున్నప్పుడు స్థానిక సైకిలిస్టులు దానికి బ్రహ్మరథం పట్టారు. రద్దీ తట్టుకోలేక కొద్దికాలానికే తిరుగు ప్రయాణానికి మరో దారి వేయవలసి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రామీణ ప్రాంతాల్లో మట్టిరోడ్ల పక్కన సన్నని గట్టిదారులు వేసే ఉద్యమం నడిచింది. 1899లో రాష్ట్ర చట్టం దానికి ఊతమిచ్చింది. సైకిలిస్టులు రుసుము చెల్లించి బిళ్ల కొని సైకిలుకు తగిలించుకుంటే ఆ దారుల మీద వెళ్లే హక్కు దక్కేది. అయితే ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. డబ్బు కట్టేవారు ఉన్నంతకాలమే దారి ఉంటుంది. సైకిలు మోజు తగ్గగానే నిధులు తగ్గాయి, కొన్నేళ్లలోనే ఆ దారులు రోడ్డు విస్తరణల్లో కలిసిపోయాయి.

నెదర్లాండ్స్‌లో కథ మరోలా సాగింది. ఉట్రెక్ట్ నగరంలోని మాలీబాన్ వీధిలో 1885లో ఏర్పడిన సైకిల్ దారిని ఆ దేశపు తొలి సైకిల్ దారిగా చెబుతారు. 1883లో సైకిలిస్టుల సంఘంగా పుట్టిన ఏఎన్‌డబ్ల్యూబీ దేశమంతటా దారిగుర్తులు నెలకొల్పింది. 1914లో హూయి, ఏమ్‌లాండ్ ప్రాంతంలో ఏర్పడినటువంటి స్థానిక సంఘాలు తమ చందాలతో పొదలగుండా, ఇసుకనేలలగుండా దారులు వేశాయి. 1924 నుంచి 1941 వరకు ఆ దేశంలో సైకిళ్ల మీద పన్ను ఉండేది. పన్ను చెల్లించినట్టు చిన్న లోహపు బిళ్లను సైకిలుకు బిగించుకోవాలి. సైకిలిస్టుల సంఖ్య అపారం కాబట్టి వారి అవసరాన్ని ప్రభుత్వం కాదనలేకపోయింది. ఇసుకనేలల్లో సైకిలుకు గట్టిదారి లేకపోతే ప్రయాణమే సాగదు. అక్కడ ప్రత్యేక దారి అదనపు సౌకర్యంగా వచ్చింది గాని, ఉన్నదాన్ని తీసుకుని బదులుగా ఇచ్చినదిగా రాలేదు.

కాని ఏఎన్‌డబ్ల్యూబీకి బ్రిటిష్ సంఘానికి ఎదురైన కోర్టు అడ్డంకి ఎదురుకాలేదు. అది మోటారు వాహనదారులను చేర్చుకుంటూ వారి సంఘంగానే మారిపోయింది. ఫలితంగా, రెండో ప్రపంచయుద్ధం తరువాత కార్లు వెల్లువెత్తినప్పుడు సైకిలిస్టుల పక్షాన మాట్లాడే బలమైన సంఘం ఆ దేశంలో లేకుండా పోయింది.

6. వద్దనుకున్న దారి – 1934 నాటి వివాదం

మళ్లీ వెస్టర్న్ అవెన్యూ దగ్గరకు వస్తే, సంఘాల వాదం మూడు అంశాలుగా కనిపిస్తుంది.

మొదటిది దారి నాణ్యత. కాంక్రీటు పలకల అతుకుల వద్ద కుదుపులు, ప్రతి అడ్డరోడ్డు దగ్గరా దారి తెగిపోవడం, అక్కడ మలుపు తిరిగే కార్లకు సైకిలిస్టు హఠాత్తుగా ఎదురుపడటం. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది కూడళ్లలోనే. ప్రత్యేక దారి రక్షణ ఇచ్చేది కూడలికీ కూడలికీ నడుమ మాత్రమే. అవసరం ఎక్కువగా ఉన్నచోటనే అది చేతులెత్తేస్తుంది.

రెండోది నిర్బంధం. ఆ దారిని వాడితీరాలని బ్రిటిష్ చట్టం చెప్పలేదు. కాని జర్మనీలో 1934 నాటి రహదారి నిబంధనలు, సైకిల్ దారి ఉన్నచోట సైకిలిస్టు దాన్నే వాడాలని నిర్దేశించాయి. నేటి ఐచ్ఛికం రేపటి నిర్బంధమవుతుందన్న భయానికి ఆధారం కళ్లెదుటే ఉంది.

మూడోది న్యాయం. 1903 చట్టం కార్లకు గంటకు 20 మైళ్ల వేగపరిమితి విధించింది. 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టం ఆ పరిమితిని ఎత్తివేసింది. మరణాలు పెరగడంతో 1935లో జనావాస ప్రాంతాల్లో 30 మైళ్ల పరిమితి తిరిగి వచ్చింది. ప్రమాదాన్ని తెచ్చినవారిని అదుపు చేయకుండా, ప్రమాదానికి గురయ్యేవారిని పక్కకు తప్పించడం న్యాయమేనా అన్నది సంఘాల ప్రశ్న. 1888లో చట్టసమ్మతంగా దక్కిన రోడ్డును తరువాత వచ్చిన యంత్రానికి అప్పగించి తప్పుకోవడం వారికి ఆత్మగౌరవ సమస్య అయింది.

ఈ వాదంలో బలం ఉంది. కాని దానికి ఒక మౌలికమైన లోపం కూడా ఉంది. ఆనాటి బ్రిటన్‌లో సైకిలు వాడేవారు దాదాపు కోటిమంది. సంఘాల సభ్యులు అందులో అత్యల్ప భాగం. సభ్యుల్లో అధికులు అనుభవజ్ఞులు, వేగంగా తొక్కగలవారు, ఆదివారం పల్లెదారుల్లో వందమైళ్లు తిరిగి రాగలవారు. వెస్టర్న్ అవెన్యూ వెంట ఉన్న ఫ్యాక్టరీలకు ఉదయం, సాయంత్రం సైకిళ్ల మీద వెళ్లే కార్మికులు వేరు. డ్యూటీకి వేళకు చేరి, క్షేమంగా ఇంటికి రావడమే వారికి కావాలి. రోడ్డు హక్కు, రోడ్డు రక్షణ అన్న రెండింటిలో వారికి ఏది ముఖ్యమో ఎవరూ అడగలేదు. వారి పేరుతో ప్రభుత్వం దారి వేసింది, వారి పేరుతోనే సంఘాలు వద్దన్నాయి.

1939లో ప్రభువుల సభకు చెందిన అల్నెస్ కమిటీ ప్రత్యేక దారులను విస్తరించాలని సిఫారసు చేసింది. అంతలో యుద్ధం వచ్చింది. యుద్ధానంతరం కార్ల సంఖ్య పెరిగి, సైకిళ్లు తగ్గిపోగా, 1930లలో వేసిన దారుల్లో చాలాభాగం పిచ్చిమొక్కల కింద, పార్కింగు స్థలాల కింద మరుగునపడ్డాయి. సంఘాలు వాదం గెలిచాయి. కాని నిలబెట్టుకోవాలనుకున్న రోడ్డు మాత్రం మోటారు వాహనాలదే అయింది.

7. తరువాతి మలుపులు

మూడు అనుభవాలు ఈ చర్చను ముందుకు తీసుకువెళ్లాయి. 1946లో నూతన పట్టణంగా ప్రకటితమైన స్టీవెనేజ్‌లో ఎరిక్ క్లాక్స్‌టన్ అనే ఇంజనీరు, తానే సైకిలిస్టు కావడం చేత, కూడళ్ల కింద సొరంగమార్గాలతో సహా ఊరంతా కలిపే సైకిల్ దారులు వేయించారు. సాంకేతికంగా అవి మేలైనవి. అయినా ఆ ఊళ్లో కారు నడపడం కూడా అంతే సులువుగా ఉండటంతో జనం ఎక్కువగా కార్లనే ఎంచుకున్నారు. దారి ఉంటే చాలదు, దానికి ప్రత్యామ్నాయమైన కారు ప్రయాణానికి కొంత అదుపు కూడా ఉండాలన్నది ఇక్కడి పాఠం.

1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద సుమారు 3,300 మంది మరణించారు. వారిలో పిల్లలు 400 మందికి పైగా ఉన్నారు. పిల్లల హత్యలు ఆపండి అన్న నినాదమే పేరుగా ఒక ఉద్యమం లేచింది. తల్లిదండ్రులు, విద్యార్థులు సైకిళ్లతో వీధులు నింపారు, రోడ్ల మీద సైకిళ్లతో సహా పడుకుని నిరసన తెలిపారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు నిషేధించినప్పుడు ఖాళీ వీధులు ఎలా ఉంటాయో అందరూ చూశారు. 1975లో కొత్త సైకిలిస్టుల సమాఖ్య పుట్టింది. విహారసంఘం వదిలేసిన చోట పౌరుల బృందయాత్ర మొదలైంది. తరువాత ద హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో ప్రభుత్వం ఒక్కొక్క నమూనా దారి వేసింది. డెల్ఫ్ట్ నగరంలో మాత్రం ఊరంతా అల్లుకునే దారులు వేశారు. విడిగా వేసిన ఒక దారి కంటే ఒకదానితో ఒకటి కలిసే దారుల అల్లిక సైకిలు వాడకాన్ని నిలబెడుతుందని ఆ ప్రయోగాలు చూపాయి.

మూడోది బ్రిస్టల్‌ది. 1977లో అక్కడ ఏర్పడిన పౌరసంఘం, తరువాత సస్ట్రాన్స్‌గా పేరొందినది, మూతపడిన రైలుమార్గాన్ని బాథ్ నగరం వరకు 1979–86 మధ్య సైకిల్ దారిగా మార్చింది. వాలంటీర్లు స్వయంగా కంకర పరిచారు. రోడ్డును వదులుకోకుండానే కొత్త దారిని పొందవచ్చని ఇది నిరూపించింది.

8. తెలుగు నేల మీద

తెలుగులో రోడ్డుకు పర్యాయంగా వాడే ‘రహదారి’ పారసీకం నుంచి వచ్చిన మాట. బాటసుంకం, ఆ సుంకం కట్టినవారికి ఇచ్చే అనుమతి అన్నవి దాని పూర్వార్థాలు. ‘రహదారి చీటీ’ అన్న పాత ప్రయోగం ఆ అర్థాన్నే సూచిస్తుంది. అనుమతిని తెలిపే మాట క్రమంగా దారికే పేరైంది. ఎవరికి ఏ దారిలో అనుమతి అన్న ప్రశ్న ఈ మాటలోనే నిక్షిప్తమై ఉంది.

తెలుగు ప్రాంతాలకు సైకిలు బ్రిటిష్ సరుకుగానే వచ్చింది. ర్యాలీ, హెర్క్యులీస్, హంబర్ పేర్లు పాతతరానికి సుపరిచితం. స్వాతంత్ర్యానంతరం మద్రాసులో టీఐ సైకిల్స్, సోనీపత్‌లో అట్లాస్, అసన్సోల్‌లో సెన్-ర్యాలీ, 1956లో లుధియానాలో హీరో సంస్థలు దేశీయ తయారీని విస్తరించాయి. ఇక్కడ సైకిలు ప్రధానంగా పనిముట్టు. పాలక్యాన్లు, బట్టల మూటలు, ఐసుపెట్టెలు, ఉత్తరాలు, పత్రికలు దాని మీదే ఊరూరా తిరిగాయి. గంటకింత అని అద్దెకిచ్చే సైకిల్ షాపు ప్రతి ఊరికీ ఒక కూడలి. అమెరికా, డచ్చి బిళ్లల వలెనే ఇక్కడి పురపాలక సంఘాలూ పంచాయతీలూ పన్ను బిళ్లలు ఇచ్చాయి. ప్రత్యేక దారులు మాత్రం వేయలేదు.

బృందయాత్ర ఇక్కడ విహారం కంటే ముందు ప్రజాజీవితంలో కనిపిస్తుంది. పార్లమెంటుకూ శాసనసభకూ సైకిల్ మీద వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య నిరాడంబరతకు ఆ వాహనం చిహ్నమైంది. సైకిల్ యాత్ర, సైకిల్ ర్యాలీ అన్న మాటలు రాజకీయ పరిభాషలో స్థిరపడ్డాయి. పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమం భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకుని బృందాలుగా ఊరేగారు. కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహం అందుకు తోడ్పడింది. లేడీ హార్బర్టన్ ఒక్కతిగా ఎదుర్కొన్న సమస్యను ఈ స్త్రీలు సమూహంగా ఎదుర్కొన్నారు.

నగరాల్లో విహార క్లబ్బులు ఇరవై ఒకటో శతాబ్దిలోనే బలపడ్డాయి. హైదరాబాదులో వారాంతపు తెల్లవారుజాముల్లో గచ్చిబౌలి, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్ల వెంట గుంపులుగా సాగే సవారీలు పరిపాటి అయ్యాయి. ఫ్రాన్స్‌లో 1904లో పుట్టిన సంఘం నియమాల ప్రకారం 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేసే దీర్ఘయాత్రలు కూడా ఇక్కడ జరుగుతున్నాయి. ఈ నేపథ్యంలో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతాలను తాకుతూ 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభమైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సౌరఫలకాల కప్పు దాని విశేషాలు. ఎండ తీవ్రంగా ఉండే దక్కన్ నేలకు ఆ నీడ తగిన ఆలోచన. కప్పు తనకు తానే విద్యుత్తు సంపాదించడం, సైకిలిస్టు చందా మీద ఆధారపడి అంతరించిన అమెరికా పక్కదారులతో పోలిస్తే మేలైన ఏర్పాటు.

అయినప్పటికీ 1934 నాటి ప్రశ్నలు ఇక్కడ మళ్లీ తలెత్తుతాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. నగరంలో దాన్ని రోజూ తొక్కేవారు ఎక్కువగా కావలివారు, భవన నిర్మాణ కూలీలు, పత్రికలు వేసే కుర్రవాళ్లు, చిన్న వ్యాపారులు. వారి ఇంటికీ పనిచోటికీ నడుమ ఉన్న రోడ్డు మీద ఈ నీడ లేదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలకు బదులు మనుషుల ప్రయాణాన్ని కేంద్రంగా పెట్టుకోవాలని చెప్పింది. ఆ దృష్టితో చూస్తే విడిగా ఉన్న ఒక మంచి దారి ఆరంభం మాత్రమే. డెల్ఫ్ట్ చూపినట్టు అది వీధులతో, కూడళ్లతో, మెట్రో స్టేషన్లతో అల్లుకున్నప్పుడే విహారమార్గం ప్రయాణమార్గమవుతుంది.

9. ఉపసంహారం

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. సైకిల్ దారి స్వతహాగా హక్కూ కాదు, బహిష్కరణా కాదు. దాన్ని అడిగింది ఎవరు, వాడటం ఐచ్ఛికమా నిర్బంధమా, కూడళ్ల వద్ద అది ఏమవుతుంది, దానికి స్థలం ఎవరినుంచి తీసుకున్నారు అన్న నాలుగు ప్రశ్నలకు వచ్చే సమాధానాలను బట్టి దాని స్వభావం మారుతుంది. బ్రిటిష్ సంఘాలు ఈ ప్రశ్నలు సరిగానే వేశాయి. కాని వాటికి సమాధానం తామొక్కరే చెప్పగలమనుకోవడంలో పొరబడ్డాయి. డచ్చి సంఘం సభ్యులను పెంచుకుని ప్రశ్నలనే మరచిపోయింది. చివరకు మార్పు తెచ్చింది క్లబ్బుల వెలుపల నిలిచిన తల్లిదండ్రులు, పిల్లలు.

తొలినాటి బృందయాత్ర మర్యాద ఒకటుంది. వెనుకబడినవారిని వదిలి వెళ్లకూడదు. ఆదివారం సవారీకి వర్తించే ఆ నియమాన్ని నగరపు సైకిల్ దారుల రూపకల్పనకూ వర్తింపజేస్తే, కొలమానం క్లబ్బు సభ్యుని వేగం కాదు. చీకటితోనే క్యారేజీ తగిలించుకుని పనికి బయలుదేరే మనిషి క్షేమంగా ఇంటికి చేరడం కావాలి. సైకిల్ సంఘాల చరిత్ర నేటి సంఘాలకు అప్పగిస్తున్న బాధ్యత అదే.